వెనక క్యారియర్ బిగించే ముందు: బరువు ఎక్కడ దిగుతోందో చూడండి

మీరు అడిగింది ఇదీ: విశాఖలో మధురవాడ నుంచి ఎంవీపీ కాలనీ దాకా రోజూ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తున్నారు. 700సి (రోడ్డు సైకిల్ సైజు) చక్రాలు, డిస్కు బ్రేకులు ఉన్న అల్యూమినియం హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైకుకీ మధ్య రకం. వీపుకి బ్యాగు తగిలించుకుంటే ఎండాడ ఎత్తు ఎక్కేసరికి చొక్కా పిండుకోవాల్సి వస్తోంది. ల్యాప్‌టాపు, టిఫిన్ డబ్బా, వచ్చేటప్పుడు రైతుబజారు కూరలు, నెలకోసారి 25 కిలోల బియ్యం బస్తా, అప్పుడప్పుడు నాలుగేళ్ళ బాబు. ఇవన్నీ వెనక క్యారియర్ మీదికి మార్చేద్దామని మీ ఆలోచన. షాపులో సీటు రాడ్డుకి బిగించే క్యారియర్ చూపించి ఐదు నిమిషాల పని అన్నారు. కొనెయ్యమంటారా అని ప్రశ్న.

కొనొద్దు. నాలుగు చోట్ల ఫ్రేముకి బిగిసే, కాళ్ళున్న క్యారియర్ తీసుకోండి. ల్యాప్‌టాపు, కూరలు దాని మీద హాయిగా వెళ్తాయి. బియ్యం బస్తా సంగతి మర్చిపోండి. బాబుకి క్యారియర్ ఒక్కటే చాలదు, సీటు వేరే కావాలి. తొందరగా ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కారణాలు కావాలంటే కాస్త ఓపిక పట్టండి. కాకినాడలో మాది సైకిల్ షాపు, నల్ల సైకిళ్ళ కాలం నుంచి ఉన్నాం, ఈ క్యారియర్ల గొడవ రోజూ చూసేదే.

ముందు క్యారియర్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. కింద రెండు కాళ్ళు వెనక ఇరుసు పక్కన ఉన్న మర కన్నాల్లో బోల్టులతో బిగుస్తాయి. పైన ముందు వైపు నుంచి రెండు పట్టీలు వచ్చి, సీటు కింద నుంచి ఇరుసుకి దిగే సన్న గొట్టాలకి బిగుస్తాయి. బరువంతా కింది రెండు బోల్టులే మోస్తాయి. పై పట్టీల పని క్యారియర్ ముందుకీ వెనక్కీ ఒరగకుండా ఆపడం, అంతే. సామాను సరిగ్గా ఇరుసు మీద కూర్చుంటే పట్టీలకి పెద్దగా పనే ఉండదు. అదే సామాను వెనక్కి జరిగితే, గుంత తగిలిన ప్రతిసారీ క్యారియర్ కింది బోల్టుల చుట్టూ వెనక్కి తిరగాలని చూస్తుంది, పట్టీలు దాన్ని లాగి పట్టుకోవాలి. ముందు పై బోల్టులు వదులవుతాయి. తర్వాత పట్టీ వంపు దగ్గర పగులు వస్తుంది. ఆఖరికి కింది బోల్టు తెగుతుంది. మా దగ్గరికి వచ్చే విరిగిన క్యారియర్లలో ఎక్కువ భాగం ఈ వరసలోనే విరిగి ఉంటాయి. వాళ్ళందరూ ‘పెద్ద బరువేం వెయ్యలేదండీ’ అనే అంటారు, అది నిజమే కూడా. వేసిన చోటే తేడా.

లెక్క వేసి చూపిస్తాను. మీ సైకిల్ రెండు ఇరుసుల మధ్య దూరం 105 సెంటీమీటర్లు అనుకోండి. 10 కిలోల సామాను వెనక ఇరుసుకి 20 సెంటీమీటర్లు వెనక పెట్టారు. వెనక చక్రం మీద 10 కాదు, దాదాపు 12 కిలోలు పడతాయి. ఆ పైన పడ్డ రెండు కిలోలూ ముందు చక్రం మీంచి లేచిపోయినవి. అందుకే వెనక బరువున్న సైకిల్ ఎత్తు ఎక్కుతుంటే హ్యాండిల్ తేలిగ్గా, పట్టు లేనట్టు ఊగుతుంది. సామాను ఇరుసుకి నేరుగా పైన గానీ, ఓ వేలెడు ముందుకి గానీ ఉంటే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు సీటు రాడ్డు క్యారియర్ సంగతి. దానికి కాళ్ళు లేవు. మొత్తం బరువు వెనక గాల్లో వేలాడుతూ ఒక్క క్లాంపు మీద ఆధారపడుతుంది. వాటి మీద సాధారణంగా 9 లేదా 10 కిలోలకి మించొద్దని రాసి ఉంటుంది, రాసిన మాట వాళ్ళు సరదాకి రాయలేదు. పది కిలోలు రాడ్డుకి 30 సెంటీమీటర్లు వెనక వేలాడితే ఆ క్లాంపు మీద పడే మెలి శక్తి సుమారు 30 న్యూటన్ మీటర్లు, అదీ సైకిల్ నిలబడి ఉన్నప్పుడు. గుంతలో అది ఎన్ని రెట్లవుతుందో మన రోడ్లు తెలిసిన మీకు చెప్పక్కర్లేదు. పైగా పక్కకి తిరిగిపోతుంది: మలుపులో బరువు ఒకవైపు లాగితే క్లాంపు రాడ్డు చుట్టూ జారుతుంది, క్యారియర్ చివర పక్కకి పోతుంది. రాడ్డు కార్బన్‌ది అయితే అసలు ముట్టుకోకండి. రెయిన్‌కోటు, టిఫిన్ డబ్బా, అంతవరకే దానికి.

కొనేముందు సైకిల్ దగ్గర కూర్చుని ఐదు నిమిషాలు చూడండి. వెనక ఇరుసు కూర్చునే గాడికి పైన, రెండు వైపులా చిన్న మర కన్నాలు ఉన్నాయా? సీటు కాలరుకి (సీటు రాడ్డుని బిగించి పట్టే రింగుకి) కొంచెం దిగువన సన్న గొట్టాల మీద ఇంకో రెండు ఉన్నాయా? చాలా హైబ్రిడ్‌లకి ఉంటాయి. కంపెనీ వాళ్ళు వాటిలో పొట్టి బోల్టులు పెట్టి పంపుతారు, లోపలికి దుమ్ము పోకుండా. అందుకే కొంతమందికి అవి కన్నాలని కూడా తెలియదు, ఏదో అలంకారం అనుకుంటారు. ఇవి దాదాపు ఎప్పుడూ ఎం5 బోల్టులే, అంటే 5 మిల్లీమీటర్ల లావు. గుండ్రటి పొడుగు తల బోల్టుకి 4 నంబరు అలెన్ కీ, బొడిపె తల దానికి 3 నంబరు పడుతుంది. 3 నంబరు గాడి తొందరగా అరిగిపోతుంది కాబట్టి నేనైతే 4 నంబరు పట్టేవే వాడతాను.

పై కన్నాలు లేకపోతే కంగారు పడకండి. సీటు కాలరు తీసేసి, దాని స్థానంలో రెండు మర కన్నాలున్న కాలరు వేస్తే సరిపోతుంది. సీటు గొట్టం బయటి కొలతని సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో తీసుకుని అదే సైజుది తెచ్చుకోవాలి. లేదంటే రబ్బరు పూత ఉన్న పి ఆకారం క్లిప్పులు గొట్టాలకి బిగించి పట్టీలని వాటికి తగిలించొచ్చు. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో వైర్లు పట్టడానికి అమ్ముతారు ఇవి. పైన క్లిప్పులు సరే. కింది కాళ్ళని క్లిప్పుల మీద నిలబెట్టమని మాత్రం చెప్పలేను, బరువు మోసేవి అవే కదా. ఎవరైనా ‘ఫ్రేముకి చిన్న నట్టు వెల్డు చేసేస్తా’ అంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. అల్యూమినియం ఫ్రేము గట్టిదనం ఫ్యాక్టరీలో చేసిన వేడి చికిత్స వల్ల వచ్చింది, అక్కడ వెల్డింగు వేడి తగిలితే ఆ చుట్టుపక్కల మెత్తబడిపోతుంది. ఆ ఫ్రేము ఇక మీ బరువు మోసే చోట నమ్మదగ్గది కాదు.

అసలు చిక్కు మీ డిస్కు బ్రేకుతో వస్తుంది. ఎడమ వైపు వెనక చూడండి. బ్రేకు కాలిపరు, అంటే డిస్కు బిళ్ళని నొక్కి ఆపే భాగం, ఎక్కడుంది? ఇరుసుకి దిగే సన్న గొట్టానికి పైన, బయటికి పొడుచుకుని ఉంటే క్యారియర్ ఎడమ కాలు దానికి తగులుతుంది. రెండు గొట్టాల మధ్య, త్రికోణం లోపల కూర్చుని ఉంటే మీరు అదృష్టవంతులు, మామూలు క్యారియర్ దిగిపోతుంది. తగిలే రకమైతే షాపుల్లో చేసే పని ఏంటంటే, కాలికీ ఫ్రేముకీ మధ్య ఒక స్పేసరు (ఎడం ఉంచే ముక్క) పెట్టి పొడుగు బోల్టు బిగించడం. బిగుస్తుంది. కానీ కాలు ఫ్రేముకి అతుక్కుని ఉన్నప్పుడు బోల్టు మీద అడ్డంగా కోత పడుతుంది, దాన్ని అది బాగా తట్టుకుంటుంది. 15 మిల్లీమీటర్ల స్పేసరు మధ్యలో వచ్చిందంటే అదే బోల్టు వంగుతూ నిలుస్తూ ఉంటుంది. ఎన్నో వేల కుదుపుల తర్వాత ఒకరోజు ఫ్రేము అంచు దగ్గర తెగుతుంది, తెగిన ముక్క కన్నం లోపల ఉండిపోతుంది. దాన్ని తీయడం నరకం. అందుకని డిస్కు సైకిళ్ళ కోసమే కాళ్ళు బయటికి వంచి చేసిన క్యారియర్లు ఉన్నాయి, నాలుగు డబ్బులు ఎక్కువైనా అవి తీసుకోండి. స్పేసరు తప్పనిసరి అయితే 10 మిల్లీమీటర్లు మించకుండా, ఇనపదే, రెండు వైపులా ఒకే మందం పెట్టి, తల మీద 8.8 లేదా 12.9 అని గుర్తున్న గట్టి రకం హెచ్‌టీ బోల్టు వాడండి. ఒక వైపే స్పేసరు పెడితే క్యారియర్ వంకరగా నిలబడి, అది వేరే తలనొప్పి.

ఇనుమా అల్యూమినియమా? నల్ల సైకిల్‌కి వచ్చే ఇనప క్యారియర్ విరిగితే ఏ పల్లెలోనైనా వెల్డింగు షాపులో పది నిమిషాల్లో అతికేస్తారు. అల్యూమినియం విరిగితే ఆర్గాన్ వెల్డింగు కావాలి, అతికినా పాత బలం రాదు. దూర ప్రయాణాలు చేసేవాళ్ళకి నేను ఇనుమే చెప్తాను. మీది సముద్రపు గాలి, మాదీ అంతే. ఇనప గొట్టం చివర్లు మూసి లేకపోతే తుప్పు లోపలి నుంచి తింటుంది, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఊళ్ళో తిరగడానికి, 15 కిలోల లోపు బరువుకి, అల్యూమినియం మేలు. గొట్టం 10 మిల్లీమీటర్ల లావు ఉందా, వెల్డింగు అన్ని చోట్లా నిండుగా ఉందా, బరువు పరిమితి అచ్చు వేసి ఉందా చూడండి. మామూలుగా 25 కిలోలు అని ఉంటుంది. క్యారియర్లకి ఐఎస్ఓ 11243 అని ఒక ప్రమాణం ఉంది, ఆ నంబరు వేసి ఉంటే నమ్మకం ఇంకొంచెం ఎక్కువ. పక్కన బ్యాగు వేలాడదీస్తారు కాబట్టి, బ్యాగు లోపలికి ఊగి చువ్వల్లో పడకుండా ఆపే అడ్డ కమ్మీ ఉన్నదే తీసుకోండి. రెండే కాళ్ళు నిటారుగా ఉన్న క్యారియర్‌కి ఆ ఆపు ఉండదు.

ఇక బిగించడం. ముందు ఆ పొట్టి బోల్టులు తీసి, కన్నంలో ఒక చుక్క నూనె వేసి, కొత్త బోల్టుని చేత్తోనే తిప్పి చూడండి. పెయింటు అడ్డం పడితే మెల్లగా ముందుకీ వెనక్కీ తిప్పుతూ శుభ్రం చెయ్యాలి. మర ఎక్కించేటప్పుడు మొదట బోల్టుని వెనక్కి, విప్పే వైపు తిప్పండి. టక్కుమని చిన్న మెట్టు దిగినట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే మర సరిగ్గా పట్టుకుంటుంది. చేత్తో తిరగని బోల్టుని కీతో బలవంతంగా తిప్పితే మర పోతుంది, అల్యూమినియంలో మర పోతే ఆ కన్నం పని అయిపోయినట్టే. శుభ్రం చేశాక నూనె తుడిచెయ్యండి, ఎందుకో చెప్తాను.

నాలుగు బోల్టులూ వదులుగా ఎక్కించండి, దేన్నీ బిగించకండి. క్యారియర్ పై భాగం నేలకి సమాంతరంగా వచ్చేలా పట్టీలు జరపండి. ఇంచుక ముందుకి వాలినా ఫరవాలేదు, వెనక్కి వాలకూడదు. టైరుకీ క్యారియర్‌కీ మధ్య కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి, మడ్‌గార్డు పెట్టుకుంటే ఇంకా కాస్త. పట్టీని వంచాల్సి వస్తే వైస్‌లో పెట్టి ఒకే ఒక్కసారి వంచండి. అల్యూమినియం పట్టీని అటూ ఇటూ రెండు మూడు సార్లు వంచితే పగులు అక్కడే మొదలవుతుంది. పట్టీ చివర కన్నం ఫ్రేము మీద బల్లపరుపుగా ఆనాలి. వంకరగా ఆనితే బోల్టు బిగించినకొద్దీ పట్టీ స్ప్రింగులా లాగుతూనే ఉంటుంది.

మడ్‌గార్డు కూడా అదే కన్నంలో బిగించాలంటే వరస గుర్తుపెట్టుకోండి. ఫ్రేముకి ఆనుకుని క్యారియర్ కాలు, దాని పైన మడ్‌గార్డు తీగ, ఆ పైన వాషరు, బోల్టు తల. బరువు మోసేది ఫ్రేముకి దగ్గరగా ఉండాలి. చాలా చోట్ల తలకిందులుగా బిగిస్తారు, మడ్‌గార్డు ముందే ఉంది కదా, దాన్ని ఎవరు విప్పుతారని.

కుడి వైపు, అంటే చైన్ వైపు, ఇంకో జాగ్రత్త. బోల్టు చివర ఫ్రేము లోపలి వైపుకి పొడుచుకు వస్తే అది చిన్న పళ్ళచక్రానికి, చైన్‌కి తగులుతుంది. బిగించాక చైన్‌ని చిన్న పళ్ళచక్రం మీదికి వేసి, పెడల్ తిప్పుతూ బోల్టు చివరకీ చైన్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లయినా ఖాళీ ఉందా చూడండి. గేరు మారేటప్పుడు చైన్ ఇంకాస్త బయటికి ఊగుతుంది, అప్పుడూ తగలకూడదు. పొడుగు ఎక్కువైతే బోల్టు కోసెయ్యండి లేదా పొట్టిది తెచ్చుకోండి. ఎడమ వైపు ఆ అడ్డం లేదు కాబట్టి అక్కడ బోల్టుని కాస్త పొడుగు పెట్టి, లోపలి వైపు నైలాన్ నట్టు కూడా వేస్తే బలం. అయితే డిస్కు బిళ్ళకి తగలకుండా చూసుకోవాలి.

సందులన్నీ సరిపోయాక బోల్టులు ఒక్కొక్కటీ బయటికి తీసి, మర మీద బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క వేసి తిరిగి బిగించండి. ఎరుపుది వద్దు, అది విప్పాలంటే వేడి చెయ్యాలి. నూనె ఉంటే లాక్‌టైట్ పట్టదు, అందుకే తుడవమన్నది. మన సముద్రపు గాలికి దీని రెండో ఉపయోగం ఇంకా ముఖ్యం: స్టీలు బోల్టు అల్యూమినియం కన్నంలో ఉప్పు తేమతో కలిసి బిగుసుకుపోతుంది, లాక్‌టైట్ ఆ తేమని మర లోపలికి రానివ్వదు. అది లేకపోతే కనీసం గ్రీజు పూసి, స్ప్రింగు వాషరు వెయ్యండి. గ్రీజూ, ఆ జిగురూ రెండూ కలిపి పూయకండి.

బిగువు సుమారు 5 న్యూటన్ మీటర్లు. బిగువు కొలిచే టార్క్ కీ ఎవరి దగ్గర ఉంటుంది! అలెన్ కీ పొడుగు వైపు చివర రెండు వేళ్ళతో గట్టిగా తిప్పితే ఇంచుమించు అక్కడికి వస్తుంది. చేతి నిండా పట్టుకుని జబ్బ బలం చూపిస్తే మర చేతికి వస్తుంది. ముందు కింది రెండూ, తర్వాత పై రెండూ. అయ్యాక ప్రతి బోల్టు తల మీంచి క్యారియర్ మీదికి గోళ్ళరంగుతో ఒక గీత గియ్యండి. ఇంట్లో అడిగితే ఇస్తారు. బోల్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది, కీ పట్టుకుని అన్నీ తడమక్కర్లేదు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి తప్పకుండా చూడండి, అన్నీ కొంచెం సర్దుకుని వదులయ్యేది అప్పుడే. తర్వాత నెలకోసారి చాలు.

సామాను దగ్గరికి వద్దాం. క్యారియర్ పై పలక మీద పెట్టడం కన్నా పక్కల్లో వేలాడే బ్యాగులు ఎప్పుడూ మేలు. 700సి చక్రం మీద పై పలక ఎత్తే 70 సెంటీమీటర్లు దాటుతుంది, దాని మీద సామాను ఇంకా పైకి. పక్క బ్యాగులో బరువు ఇరుసు ఎత్తుకి కాస్త పైన ఉంటుంది, సైకిల్ ఒరిగినా లాగెయ్యదు. మన పాలవాళ్ళ సైకిల్ చూడండి. క్యారియర్ మీద అడ్డంగా ఇనప చట్రం వేసి, క్యాన్లు రెండు వైపులా ఇరుసు దాకా దించి కడతారు. ఏ ఇంజనీరూ చెప్పలేదు వాళ్ళకి. కావడిలా రెండు వైపులా సమానంగా ఉండాలన్నది కూడా వాళ్ళకి తెలుసు, అందుకే ఒక క్యాను ఖాళీ అయితే రెండో దాంట్లోంచి పాలు దీంట్లోకి పోస్తారు. మీకు ఒకే బ్యాగు ఉంటే ఐదారు కిలోల వరకూ ఒక పక్క వేలాడదీసినా నడుస్తుంది. అంతకు మించితే రెండో బ్యాగు కొనండి.

బ్యాగు తగిలించాక సీటెక్కి పెడల్ తొక్కుతూ మడమ తగులుతోందా చూడండి. హైబ్రిడ్‌ల వెనక భాగం పొట్టిగా ఉంటుంది, పెద్ద పాదమైతే మడమ బ్యాగుకి కొడుతుంది. అప్పుడు బ్యాగుని వెనక్కి జరపక తప్పదు, కానీ మడమ తప్పేంత మాత్రమే. నేను ముందు చెప్పిన ఇరుసు లెక్క ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది: కూరల్లో బరువైనవి, దుంపలు, దోసకాయలు, బ్యాగు అడుగున ముందు మూలకి. ఆకుకూరలు పైన.

ల్యాప్‌టాపుని క్యారియర్ మీద పడుకోబెట్టి తాడు కట్టకండి. వెనక చక్రం మీది కుదుపంతా నేరుగా దానికి వెళ్తుంది, తాడు కూడా తెర మీద ఒత్తుతుంది. పక్క బ్యాగులో నిలబెట్టి, అడుగున రెండు వేళ్ళ మందం ఫోము ముక్క వేసి, చక్రం వైపు బట్టలు, బయటి వైపు ల్యాప్‌టాపు పెట్టండి. విశాఖ వానకి, వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా సరే, లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి తప్పనిసరి.

పైన ఏదైనా కట్టాల్సి వస్తే పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగి, పొడుగ్గా చీల్చి వాడండి. కొక్కేలున్న సాగే తాళ్ళకన్నా పట్టు బాగా ఉంటుంది. ఆ కొక్కెం చెయ్యి జారితే ముఖానికి ఎగిరి వస్తుంది, కళ్ళు పోయినవాళ్ళున్నారు. కొక్కేల తాడే వాడితే ముఖం పక్కకి పెట్టి తగిలించండి. ట్యూబు ఎండకి పగుళ్ళు ఇస్తే పారెయ్యండి. కట్టాక చివర్లు వేలాడకూడదు, అవి నేరుగా చువ్వల్లోకో పళ్ళచక్రంలోకో వెళ్తాయి. కట్టు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే సామానుని పట్టుకుని కుదపండి. సైకిల్ మొత్తం దాంతో పాటు కదిలితే సరే. సామాను ఒకటీ సైకిల్ ఒకటీ కదిలితే విప్పి మళ్ళీ కట్టండి. గోనె సంచి, చున్నీ, చీర కొంగు, ఏదైనా సరే అంచు కిందికి జారకుండా చూడాలి.

బియ్యం బస్తాకి రండి. ‘మా తాత రెండు బస్తాలు వేసుకొచ్చేవాడు’ అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు, అందుకని ముందే చెప్తున్నాను. తాత సైకిల్‌కి వెనక చక్రంలో 40 చువ్వలు. 28 అంగుళాల చక్రం, వెడల్పు టైరు. క్యారియర్ కాళ్ళు 5 మిల్లీమీటర్ల బోల్టు మీద కాకుండా నేరుగా ఇరుసు నట్టు కింద బిగుస్తాయి. ఫ్రేము పొడుగు, వేగం తక్కువ. పైగా బరువు ఎక్కువైతే తాత దిగి నడిపించేవాడు. జార్ఖండ్‌లో బొగ్గు మోసేవాళ్ళు సైకిల్ మీద క్వింటాళ్ళు తీసుకెళ్తారు, కానీ ఎక్కి తొక్కరు, తోసుకుంటూ వెళ్తారు, బస్తాలు ఫ్రేము మధ్యలోనూ పక్కలకీ కిందికి దించి కడతారు. మీ హైబ్రిడ్‌కి చువ్వలు 32 ఉండొచ్చు, అందులో వెనక చక్రం చైన్ వైపు చువ్వలు రెండో వైపు కన్నా చాలా ఎక్కువ బిగువులో ఉంటాయి. మీ బరువుకి తోడు 25 కిలోలు పైన కూర్చుంటే మొదట తెగేది ఆ వైపే. క్యారియర్ మీద 25 కిలోలు అని రాసి ఉంది కదా అంటారేమో. అది క్యారియర్ మోయగలిగేది. చక్రం, బోల్టు, ఫ్రేము సంగతి అది చెప్పదు. మీ సైకిల్ పుస్తకంలో మనిషి, సామాను కలిపి ఎంత వరకు అని ఒక అంకె ఉంటుంది, అది చూడండి. పైగా బస్తా పొడుగు. సగం ఇరుసు దాటి వెనక్కి వస్తుంది. ముందు లెక్కే వేస్తే, 20 సెంటీమీటర్లు వెనకున్న 25 కిలోల బస్తా ముందు చక్రం మీంచి దాదాపు ఐదు కిలోలు లేపేస్తుంది. హనుమంతవాక దగ్గర లారీల మధ్య అలాంటి హ్యాండిల్ పట్టుకోవాలని ఎవరికీ ఉండదు. ఐదు కిలోల ప్యాకెట్లు రెండు తీసుకుని పక్క బ్యాగుల్లో చెరొకటి వేసుకోండి, నెలకి రెండు మూడు సార్లు. లేకపోతే ఆటో.

బాబు విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఉత్త క్యారియర్ మీద కూర్చోబెట్టొద్దు, దిండు వేసినా వద్దు. నాలుగేళ్ళవాడి కాలు వేలాడితే మడమ నేరుగా చువ్వల దగ్గరికి వస్తుంది. నిద్రమత్తులోనో, మలుపులోనో ఒక్క క్షణం లోపలికి పోతే చాలు. మడమ చర్మం ఒలిచిపోయిన పిల్లల గురించి ఏ ఎముకల డాక్టరునడిగినా చెప్తారు, మన దగ్గర ఇది చాలా మామూలు దెబ్బ. వెనక బిగించే పిల్లల సీటు కొనండి. పాదానికి తొట్టి, పాదం పట్టీ, భుజాల మీంచి బెల్టు, వీపుకి ఎత్తుగా ఆనిక ఉండాలి. ఇవి సాధారణంగా 22 కిలోల పిల్లల దాకా ఉంటాయి. క్యారియర్ మీద బిగిసే రకం కొంటే, మీ క్యారియర్ మీద పిల్లల సీటుకి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. సీటు గొట్టానికి బిగిసి గాల్లో నిలిచే రకం కూడా ఉంది, అది గొట్టం లావు చూసుకుని కొనాలి. మీ సీటు కింద స్ప్రింగులు ఉంటే వాటికి గుడ్డో తొడుగో చుట్టండి, బాబు వేళ్ళు పెట్టేది అక్కడే. హెల్మెట్ ఇద్దరికీ. బాబుని ఎక్కించాక స్టాండు మీద వదిలేసి తాళం వెతుక్కోవడానికి వెళ్ళకండి, ఒక్క క్షణం కూడా.

స్టాండు మాట వచ్చింది కాబట్టి: సైడు స్టాండు వెనక బరువుకి నిలవదు. ముందు చక్రం గిర్రున తిరిగి సైకిల్ పడుతుంది. ఒక మందపాటి రబ్బరు బ్యాండు హ్యాండిల్‌కి పెట్టుకోండి, ఆపగానే ముందు బ్రేకు లివరు మీదికి లాగి వెయ్యండి. చక్రం కదలదు, సైకిల్ నిలుస్తుంది. ఖర్చు రూపాయి.

వెనక టైరులో గాలి టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠానికి దగ్గరగా పెట్టండి, దాటకండి. సీటు రాడ్డుకి వెనక లైటు ఉంటే ఇక అది కనిపించదు, సామాను కప్పేస్తుంది. క్యారియర్ వెనక చివర చిన్న పలక ఉంటుంది, ఎర్ర లైటూ రిఫ్లెక్టరూ అక్కడికి మార్చండి. ఎండాడ దిగేటప్పుడు బరువుతో ఆగే దూరం పెరుగుతుంది. ఒక్క వెనక బ్రేకునే పట్టుకుని దిగితే డిస్కు కాలిపోయి కిచకిచమంటుంది, రెండూ వాడుతూ మధ్యమధ్యలో వదులుతూ దిగండి. మొదటి రోజు బరువుతో మెయిన్ రోడ్డెక్కే ముందు కాలనీ వీధిలో రెండు చుట్లు తిరిగి బ్రేకు, మలుపు చూసుకోండి.

క్యారియర్ కొనే ముందు ఎడమ వైపు కాలిపరు, వెనక ఇరుసు కనిపించేలా ఒక ఫొటో, సీటు కాలరు దగ్గర ఇంకోటి తీసి ఇక్కడ పెట్టండి. ఏ రకం కాళ్ళు పడతాయో, స్పేసరు కావాలో వద్దో చూసి చెప్తాను. షాపు అతను తొందరపెడితే బోల్టు కొలత అడగండి, ఎం5 అని వెంటనే చెప్పినవాడి చేత బిగించుకోవచ్చు.